ఒకే బ్యాక్టీరియాకు రెండు ఫలితాలు ఎందుకు? మెనింజైటిస్‌లో యాంటీబయోటిక్ నిరోధకత

మీ ప్రశ్నను ముందుగా క్లుప్తంగా చెబుతాను, తర్వాత చదివేవారికీ సందర్భం తెలుస్తుంది. మీ నాన్నగారికి 62 ఏళ్లు. మెనింజైటిస్‌తో, అంటే మెదడు చుట్టూ ఉండే పొరల వాపుతో ఐసీయూలో ఉన్నారు. చేరిన రోజునే సెఫ్ట్రియాక్సోన్, వాంకోమైసిన్, యాంపిసిలిన్ అనే యాంటీబయోటిక్‌లు మొదలుపెట్టారు, వాటితోపాటు డెక్సామెథసోన్ అనే స్టెరాయిడ్ ఇస్తున్నారు. మూడో రోజు కల్చర్ (బ్యాక్టీరియాను పెంచి చూసే పరీక్ష) రిపోర్టు రాగానే యాంపిసిలిన్ ఆపేసి మిగతా రెండింటినీ కొనసాగిస్తున్నారు. రిపోర్టులో న్యుమోకాకస్ అనే బ్యాక్టీరియా పేరు ఉంది. పెన్సిలిన్ ఎదురుగా 2 అనే అంకె, దాని పక్కన మెనింజైటిస్ అయితే రెసిస్టెంట్ (మందుకు లొంగనిది), ఇతర ఇన్‌ఫెక్షన్ అయితే సెన్సిటివ్ (లొంగేది) అని రాసి ఉంది. సెఫ్ట్రియాక్సోన్ ఎదురుగా 1 అనే అంకె, మెనింజైటిస్‌కు మధ్యస్థం, ఇతర ఇన్‌ఫెక్షన్లకు సెన్సిటివ్ అని ఉంది. ల్యాబ్ పొరపాటు పడిందా, నాన్నగారు ఇంతకుముందు వాడిన మందుల వల్ల బ్యాక్టీరియా ఇలా మారిందా, ఇంట్లో మిగతావారు ముందుజాగ్రత్తగా మాత్రలు వేసుకోవాలా అని మూడు సంగతులు అడిగారు.

ల్యాబ్ పొరపాటు పడలేదు. ఆ రిపోర్టు సరిగ్గా ఎలా ఉండాలో అలాగే ఉంది. నేను చాలాకాలంగా ఆసుపత్రి మైక్రోబయాలజీ ల్యాబ్‌లో పనిచేస్తున్నాను. మెనింజైటిస్ రిపోర్టులు చూసి కొత్తగా చేరిన డాక్టర్లు కూడా ఇదే సందేహంతో ఫోన్ చేస్తుంటారు. నేను మీ నాన్నగారిని చూడలేదు కాబట్టి వైద్యం ఎలా చేయాలన్నది అక్కడి డాక్టర్లే చెప్పాలి. వారు తీసుకున్న నిర్ణయాల వెనుక ఉన్న లెక్కను మాత్రం నేను వివరించగలను.

ముందు ఆ అంకెల సంగతి. వాటిని ఎంఐసీ అంటారు. బ్యాక్టీరియా పెరుగుదలను ఆపడానికి ఒక మిల్లీలీటరులో కనీసం ఎన్ని మైక్రోగ్రాముల మందు ఉండాలో చెప్పే కొలత అది. మీ నాన్నగారి న్యుమోకాకస్‌ను ఆపాలంటే పెన్సిలిన్ అయితే మిల్లీలీటరుకు 2 మైక్రోగ్రాములు కావాలి, సెఫ్ట్రియాక్సోన్ అయితే 1 చాలు. ఆ అంకె బ్యాక్టీరియాకు సంబంధించినది, అది మారదు. దాన్ని సెన్సిటివ్ అనాలో రెసిస్టెంట్ అనాలో నిర్ణయించేది మాత్రం ఆ బ్యాక్టీరియా శరీరంలో ఎక్కడ ఉంది, అక్కడికి మందు ఎంత చేరుతుంది అనే విషయం. మోకాలి లోతు నీటిలో హాయిగా నిలబడే మనిషి తల దాటే లోతు నీటిలో మునిగిపోతాడు. మనిషి మారలేదు, నీటి లోతు మారింది. ఊపిరితిత్తుల్లో, రక్తంలో పెన్సిలిన్ లోతుగా ఉంటుంది, మెదడు, వెన్నుపాము చుట్టూ ఉండే నీటిలో, అంటే వెన్నునీటిలో, దాని లోతు చాలా తక్కువ.

అందుకే అమెరికాలో ప్రమాణాలు నిర్ణయించే సంస్థ సీఎల్‌ఎస్‌ఐ 2008లో న్యుమోకాకస్‌కు పెన్సిలిన్ హద్దులను విడగొట్టింది. మెనింజైటిస్ అయితే ఎంఐసీ 0.06 లేదా అంతకంటే తక్కువ ఉంటేనే సెన్సిటివ్, 0.12 నుంచి రెసిస్టెంట్. మధ్యలో వేరే వర్గం లేదు. అదే న్యుమోనియాకు ఇంజెక్షన్ రూపంలో పెన్సిలిన్ ఇస్తే 2 వరకూ సెన్సిటివే, 8 దాకా వెళితేగానీ రెసిస్టెంట్ కాదు. అంతకుముందు అందరికీ ఒకటే హద్దు ఉండేది. దానివల్ల పెన్సిలిన్‌తో నయమయ్యే న్యుమోనియా రోగులను కూడా రెసిస్టెంట్ అనే ముద్ర వేసి పెద్ద మందులకు మార్చేవారు. సెఫ్ట్రియాక్సోన్‌కూ ఇలాగే రెండు హద్దులు ఉన్నాయి. మెనింజైటిస్‌లో 0.5 వరకు సెన్సిటివ్, 1 అయితే మధ్యస్థం, 2 నుంచి రెసిస్టెంట్. ఇతర ఇన్‌ఫెక్షన్లలో 1 వరకు సెన్సిటివ్. ఇప్పుడు మీ రిపోర్టు మరోసారి చూడండి, అందులోని ప్రతి మాటా ఈ హద్దులకు సరిపోతుంది.

మెదడు చుట్టూ మందు ఎందుకు పలచబడుతుందో కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే మెనింజైటిస్ చికిత్సలో కష్టమంతా అక్కడే ఉంది. శరీరంలో మిగతాచోట్ల సన్నని రక్తనాళాల గోడల్లో కణాల మధ్య సందులుంటాయి, మందు వాటిలోంచి బయటికి వస్తుంది. మెదడు రక్తనాళాల్లో ఆ సందులు బిగుసుకుపోయి ఉంటాయి. కొవ్వులో సులభంగా కరిగే మందులు కణం గుండానే దూరి వెళ్తాయి. క్లోరంఫెనికాల్, రిఫాంపిసిన్ కొంతవరకు అలాంటివే. పెన్సిలిన్, సెఫలోస్పోరిన్‌లు (సెఫ్ట్రియాక్సోన్ వర్గం మందులు) నీటిలో కరిగే రకం, వాటికి దారి దొరకదు. పైగా లోపలికి చేరిన పెన్సిలిన్‌ను తిరిగి రక్తంలోకి తోడేసే పంపులు కూడా అక్కడ ఉన్నాయి. మెనింజైటిస్‌లో పొరలు వాచినప్పుడు ఆ బిగువు సడలి మందు కొంత ఎక్కువగానే వెళ్తుంది. అప్పుడు కూడా రక్తంలో ఉన్నదానిలో సుమారు పదో వంతు, ఒక్కోసారి అంతకంటే తక్కువే చేరుతుంది. సెఫ్ట్రియాక్సోన్‌ను మెనింజైటిస్‌లో 12 గంటలకోసారి 2 గ్రాముల చొప్పున, అంటే మామూలు ఇన్‌ఫెక్షన్లకు ఇచ్చేదానికంటే బాగా ఎక్కువగా ఇవ్వడానికి కారణం ఇదే.

ఇంకో చిక్కు ఉంది. ఊపిరితిత్తుల్లో యాంటీబయోటిక్ బ్యాక్టీరియాను అదుపు చేస్తే చాలు, మిగతా పని మన తెల్లకణాలు, యాంటీబాడీలు, రక్తంలో ఉండే కాంప్లిమెంట్ అనే రక్షక ప్రొటీన్‌లు చూసుకుంటాయి. వెన్నునీటిలో యాంటీబాడీలు, కాంప్లిమెంట్ చాలా తక్కువ. తెల్లకణాలు వేలకొద్దీ వచ్చి చేరినా, పైన జిగురు తొడుగు ఉన్న న్యుమోకాకస్‌ను ఆ సాయం లేకుండా పట్టి మింగలేవు. కాబట్టి అక్కడ బ్యాక్టీరియాను చంపే బాధ్యత పూర్తిగా మందుదే. ఎంఐసీకి సమానంగా మందు ఉంటే పెరుగుదల ఆగుతుంది, అంతే. చంపాలంటే దానికి ఎన్నో రెట్లు ఉండాలి. జంతువుల మీద చేసిన ప్రయోగాల్లో పది రెట్లకు పైగా ఉన్నప్పుడే వెన్నునీరు త్వరగా శుభ్రపడింది. ఈ తేడా ఎంత ప్రాణాంతకమో క్లోరంఫెనికాల్ అనుభవం చూపించింది. పెన్సిలిన్‌కు లొంగని న్యుమోకాకస్ మెనింజైటిస్ వచ్చిన పిల్లలకు, ల్యాబ్‌లో సెన్సిటివ్ అని తేలింది కదా అని దక్షిణాఫ్రికాలో క్లోరంఫెనికాల్ ఇస్తే చాలామందిలో పనిచేయలేదని 1992లో ప్రచురించారు. ఆ మందు అలాంటి బ్యాక్టీరియాను ఆపగలిగింది కానీ చంపలేకపోయింది. ప్లేటు మీద కనిపించిన సెన్సిటివ్ అనే మాట వెన్నునీటిలో నిలబడలేదు.

ఆ 2, 1 అనే అంకెలు ఎలా వచ్చాయో కూడా చెబుతాను. నమ్మకం లేక మళ్లీ పరీక్ష చేయించాలనుకుంటున్నానని రాశారు కాబట్టి, ఇది తెలిస్తే మీకు కొంత ధైర్యం కలుగుతుంది. వెన్నులోంచి తీసిన నీరు తేటగా ఉండాలి, ఈ జబ్బులో మబ్బుగా వస్తుంది. దాన్ని వేగంగా తిప్పి అడుగున చేరినదాన్ని గాజు పలక మీద పూసి, రంగు వేసి మైక్రోస్కోపు కింద పెడతాం. గులాబీ రంగు చీముకణాల మధ్య ముదురు ఊదా రంగులో జంటలు జంటలుగా గుండ్రని బ్యాక్టీరియా, ఒక్కో జంట చుట్టూ సన్నని తెల్లటి వలయం కనిపిస్తే న్యుమోకాకస్ అని అప్పుడే చాలావరకు తెలిసిపోతుంది. ఆ సంగతి వెంటనే వార్డుకు ఫోన్‌లో చెబుతాం, కాగితం వెళ్లేదాకా ఆగం. మిగతా నీటిని రక్తం కలిపిన ప్లేటు మీద, చాక్లెట్ అగార్ అనే ప్లేటు మీద వేసి, కొద్దిగా కార్బన్ డయాక్సైడ్ ఉండే వెచ్చని పెట్టెలో పెడతాం. మర్నాటికి మధ్యలో పల్లంగా, చుట్టూ ఆకుపచ్చ ఛాయతో చిన్న చిన్న కాలనీలు లేస్తాయి.

అప్పుడు మొదలవుతుంది సెన్సిటివిటీ పరీక్ష. ఆ కాలనీలను ఉప్పునీటిలో నిర్ణీత చిక్కదనానికి కలిపి, గొర్రె రక్తం ఉన్న మరో ప్లేటు మీద సమంగా పూసి, మధ్యలో ఒక ప్లాస్టిక్ పట్టీని పెడతాం. పట్టీ ఒక కొసన మందు చాలా ఎక్కువ, రెండో కొసన చాలా తక్కువ, మధ్యలో అంకెలు ముద్రించి ఉంటాయి. దాదాపు ఒక రోజు గడిచాక చూస్తే పట్టీ చుట్టూ కోడిగుడ్డు ఆకారంలో ఖాళీ ఏర్పడుతుంది. మందు చాలినంత మేర బ్యాక్టీరియా పెరగలేదన్నమాట. ఆ ఖాళీ అంచు పట్టీని తాకిన చోట ఉన్న అంకె ఎంఐసీ. చెప్పినంత తేలిక కాదు ఇది. రక్తం ఆకుపచ్చగా మారిన అంచు వేరు, పెరుగుదల ఆగిన అంచు వేరు, రెండోదే చూడాలి. అంచు దగ్గర మసకగా మిగిలిన పలచటి పొరను కూడా పెరుగుదలగానే లెక్కించాలి. పట్టీ మీద 0.75 దగ్గర తాకితే 1 అని రాస్తాం, 1.5 దగ్గర తాకితే 2 అని రాస్తాం, ఎప్పుడూ పై అంకెకే వెళ్తాం. మెనింజైటిస్‌లో 0.5కూ 1కీ మధ్య ఒక్క మెట్టు తేడాతో వైద్యం మారిపోతుంది కాబట్టి, ఇలాంటి ప్లేటును ఒక్కరే చూసి సంతకం పెట్టే ల్యాబ్ అరుదు. మళ్లీ పరీక్ష చేయించినా ఒక మెట్టు అటూ ఇటూ రావడం ఈ పద్ధతిలో సహజం. ఆ ఒక్క మెట్టు తేడా చూసి మందులు మార్చాలా అన్నది డాక్టర్లే తేల్చాలి.

ఇక మూడు మందుల సంగతి. మెనింజైటిస్ అని అనుమానం రాగానే ఏ బ్యాక్టీరియా అని తెలుసుకునే దాకా ఎవరూ ఆగరు, ఆగకూడదు. రక్తం కల్చర్‌కు తీసి, వెన్నునీరు వెంటనే తీయగలిగితే తీసి, ఆ గంటలోనే మందులు మొదలుపెట్టాలి. సెఫ్ట్రియాక్సోన్ చాలావరకు న్యుమోకాకస్‌లకు, మెనింజైటిస్ తెచ్చే మరో బ్యాక్టీరియా మెనింగోకాకస్‌కు సరిపోతుంది. న్యుమోకాకస్ ఒకవేళ సెఫ్ట్రియాక్సోన్‌కు పూర్తిగా లొంగని రకమైతే అనే భయంతో వాంకోమైసిన్ కలుపుతారు. యాంపిసిలిన్ లిస్టీరియా అనే బ్యాక్టీరియా కోసం. యాభై దాటినవారిలో, రోగనిరోధక శక్తి తగ్గినవారిలో లిస్టీరియా కూడా మెనింజైటిస్ తెస్తుంది. దానికి సెఫలోస్పోరిన్‌లు అసలు పనిచేయవు. ఇది మందుల వాడకం వల్ల వచ్చిన నిరోధకత కాదు, పుట్టుకతోనే ఉన్న గుణం. కల్చర్‌లో న్యుమోకాకస్ అని తేలాక యాంపిసిలిన్ అవసరం తీరింది, తీసేశారు. మందు తగ్గించారని కంగారు పడకండి.

సెఫ్ట్రియాక్సోన్ ఎంఐసీ 0.5 లేదా అంతకంటే తక్కువ వచ్చి ఉంటే వాంకోమైసిన్‌ను కూడా ఆపేసేవారు. 1 వచ్చింది కాబట్టి రెండూ ఉంచారు. వాంకోమైసిన్‌కు లొంగని న్యుమోకాకస్ ఇప్పటివరకు చికిత్సకు సమస్యగా ఎదురవ్వలేదు. అయినా దాన్ని ఒక్కదాన్నే నమ్ముకోరు, ఎందుకంటే అది పెద్ద అణువు, వెన్నునీటిలోకి సరిగ్గా దూరదు. ఇక్కడ డెక్సామెథసోన్ విషయం వస్తుంది. న్యుమోకాకస్ మెనింజైటిస్‌లో పెద్దవారి మరణాలను ఆ మందు తగ్గిస్తుందని 2002లో యూరప్‌లో జరిగిన అధ్యయనం స్పష్టంగా చూపింది. మొదటి యాంటీబయోటిక్ మోతాదుకు ముందు గానీ దానితోపాటు గానీ మొదలుపెట్టి నాలుగు రోజులు ఇస్తారు. అది వాపును తగ్గిస్తుంది. వాపు తగ్గితే వాంకోమైసిన్ లోపలికి వెళ్లే దారి కూడా ఇరుకవుతుంది. అందుకే వాంకోమైసిన్ మోతాదును తగినంత ఎక్కువగా ఉంచి, రక్తంలో దాని స్థాయిని పరీక్షిస్తూ ఉంటారు. మీ నాన్నగారికి రోజూ రక్తం తీస్తున్నారని రాశారు, అందులో కొంత దీనికోసం, కొంత కిడ్నీల పనితీరు చూడటానికి కావచ్చు. రెండు రోజులు గడిచినా జ్వరం, మగత తగ్గకపోతే మరోసారి వెన్నునీరు తీస్తామని డాక్టర్లు అనవచ్చు. మందులు లోపల పనిచేస్తున్నాయో లేదో తెలుసుకునే నేరైన దారి అదే. కాబట్టి భయపడి వద్దనకండి. అవసరమైతే రిఫాంపిసిన్‌ను మూడో మందుగా చేరుస్తారు. అది బాగా లోపలికి వెళ్తుంది, కానీ ఎప్పుడూ ఒంటరిగా ఇవ్వరు. ఒకే జన్యువులో ఒక్క మార్పుతో బ్యాక్టీరియా దాన్ని తప్పించుకుంటుంది.

మీ రెండో ప్రశ్న నన్ను ఎక్కువగా ఆలోచింపజేసింది, ఎందుకంటే అందులో మీ బాధ కనిపించింది. రెండు నెలల క్రితం దగ్గు వచ్చినప్పుడు నాన్నగారికి మీరే యాంటీబయోటిక్ తెచ్చి ఇచ్చానని రాశారు. ఆ మాత్రల వల్ల ఈ బ్యాక్టీరియా ఆయన ఒంట్లో రెసిస్టెంట్‌గా మారిపోయిందా అంటే, అలా జరగదు. ఈ గుణం కొన్ని రోజుల్లో ఒక్క మనిషిలో తయారయ్యేది కాదు. కాకపోతే గత రెండు మూడు నెలల్లో యాంటీబయోటిక్ వాడినవారి ముక్కు, గొంతులో అప్పటికే బయట తిరుగుతున్న రెసిస్టెంట్ రకం చోటు చేసుకునే అవకాశం ఎక్కువ అన్నది నిజం. మందుకు లొంగే రకాలు తుడిచిపెట్టుకుపోతాయి, లొంగనిది మిగులుతుంది. ఆ బ్యాక్టీరియా ఆయనకు ఇంట్లో చిన్నపిల్లల నుంచి వచ్చి ఉండవచ్చు. చిన్నపిల్లల ముక్కులో న్యుమోకాకస్ ఉండటం సర్వసాధారణం, వారికి ఏ ఇబ్బందీ ఉండదు. ఎవరి నుంచి వచ్చిందని వెతకడంలో అర్థం లేదు, మీరు తప్పు చేశానని కుమిలిపోవడంలోనూ లేదు.

న్యుమోకాకస్‌కు ఈ నిరోధకత ఎక్కడి నుంచి వచ్చిందన్న కథ మాత్రం తెలుసుకోదగ్గది. పెన్సిలిన్ వెళ్లి అతుక్కునే ప్రొటీన్‌లు బ్యాక్టీరియా గోడ కట్టే పనిలో ఉంటాయి. పెన్సిలిన్ వాటికి అతుక్కుంటే గోడ కట్టడం ఆగి బ్యాక్టీరియా చచ్చిపోతుంది. మన నోటిలో ఏ హానీ చేయకుండా బతికే స్ట్రెప్టోకాకస్ మైటిస్ వంటి బ్యాక్టీరియాలు ఎన్నో ఉన్నాయి. మనం ఏ జబ్బుకు యాంటీబయోటిక్ వేసుకున్నా దాని దెబ్బ వాటికీ తగులుతుంది. తరతరాలుగా ఆ దెబ్బలు తిని వాటిలో ఆ ప్రొటీన్‌ల ఆకారం కొంచెం మారింది, పెన్సిలిన్ సరిగ్గా అతుక్కోదు. న్యుమోకాకస్‌కు ఒక విచిత్రమైన శక్తి ఉంది. పక్కన చచ్చిన బ్యాక్టీరియా నుంచి బయటపడ్డ డీఎన్‌ఏ ముక్కలను లోపలికి లాక్కుని తన జన్యువుల్లో కలుపుకోగలదు. ఫ్రెడరిక్ గ్రిఫిత్ 1928లో ఎలుకల మీద గమనించినది ఈ శక్తినే. 1944లో ఏవరీ, మెక్లియాడ్, మెకార్టీ దాని ఆధారంగానే జన్యుపదార్థం డీఎన్‌ఏ అని నిరూపించారు. జీవశాస్త్రానికి అంత వెలుగునిచ్చిన గుణమే వైద్యానికి ఇంత కష్టం తెచ్చింది. రెసిస్టెంట్ న్యుమోకాకస్ జన్యువులను చదివితే కొంత దూరం దాని సొంత అక్షరాలు, తర్వాత నోటి బ్యాక్టీరియా అక్షరాలు, మళ్లీ సొంతవి, ఇలా అతుకులు కనిపిస్తాయి. అతుకు పెరిగేకొద్దీ ఎంఐసీ ఒక్కో మెట్టు పైకి ఎక్కుతుంది. అందుకే ఇది ఉంది, లేదు అని తేల్చే నిరోధకత కాదు, మెట్లు మెట్లుగా పెరిగేది. మెనింజైటిస్‌లో మొదటి మెట్టే ప్రమాదకరం.

పెన్సిలిన్‌కు కొంత లొంగని న్యుమోకాకస్‌ను రోగి నుంచి 1967లో ఆస్ట్రేలియాలో గుర్తించారు. అప్పుడు దాన్ని అంతగా పట్టించుకోలేదు. 1977లో దక్షిణాఫ్రికాలోని డర్బన్‌లో మెనింజైటిస్ వచ్చిన పిల్లల్లో బాగా ముదిరిన రకం బయటపడింది, జొహానెస్‌బర్గ్‌లో ఎన్నో మందులకు లొంగని రకం ఉన్నట్టు ఆ మరుసటి ఏడాది ప్రచురించారు. ఆ తర్వాత స్పెయిన్‌లో మొదట గుర్తించిన 23ఎఫ్ రకం (న్యుమోకాకస్ రకాలకు పైతొడుగును బట్టి ఇలా పేర్లు పెడతారు) ఖండాలు దాటి వ్యాపించింది.

మిగతా మెనింజైటిస్ బ్యాక్టీరియాల పరిస్థితి ఒకేలా లేదు. మెనింగోకాకస్ చాలావరకు ఇంకా మన చేతిలోనే ఉంది, సెఫ్ట్రియాక్సోన్ దానిపై బాగా పనిచేస్తోంది. పెన్సిలిన్‌కు కొంచెం మొండికేసే రకాలు చాలా దేశాల్లో ఉన్నాయి. అవి కూడా గొంతులోని హానిలేని బంధువుల నుంచే ఆ జన్యువు ముక్కలు తెచ్చుకున్నాయి. 1998లో వియత్నాం, ఫ్రాన్స్‌లకు చెందిన నమూనాల్లో క్లోరంఫెనికాల్‌కు అస్సలు లొంగని మెనింగోకాకస్ ఉన్నట్టు ప్రచురించారు. ఆ జన్యువు ఎక్కడో పేగుల్లో, మట్టిలో బతికే క్లాస్ట్రిడియం నుంచి వచ్చింది. ఈమధ్య అమెరికాలో వై వర్గానికి చెందిన మెనింగోకాకస్‌లో పెన్సిలిన్‌ను విరిచేసే ఎంజైమ్ కనిపించి 2020లో అక్కడి వ్యాధి నియంత్రణ సంస్థ సీడీసీ హెచ్చరిక జారీ చేసింది. అందుకని రిపోర్టు చేతిలోకి రాకముందే సెఫ్ట్రియాక్సోన్ నుంచి పెన్సిలిన్‌కు మార్చవద్దని ఇప్పుడు చెబుతున్నారు.

హీమోఫిలస్ ఇన్‌ఫ్లుయెంజే బి రకం (హిబ్) ఒకప్పుడు చిన్నపిల్లల మెనింజైటిస్‌కు పెద్ద కారణం. 1974లో అది యాంపిసిలిన్‌ను విరిచేసే ఎంజైమ్‌ను సంపాదించింది, పిల్లల డాక్టర్లు హడలిపోయారు. ఆ పోరులో గెలిపించింది కొత్త యాంటీబయోటిక్ కన్నా హిబ్ టీకా. టీకా సక్రమంగా వేసిన చోటల్లా ఆ మెనింజైటిస్ దాదాపు కనుమరుగైంది.

నన్ను నిజంగా భయపెట్టేది పుట్టిన కొద్ది రోజుల పసికందుల మెనింజైటిస్. ఆసుపత్రిలో సోకే ఈ.కోలై, క్లెబ్సియెల్లా చాలాచోట్ల సెఫ్ట్రియాక్సోన్ వర్గాన్ని విరిచేసే ఎంజైమ్‌లతోనే వస్తున్నాయి. అప్పుడు మెరోపెనెమ్ ఇస్తాం. దానికీ లొంగకపోతే మిగిలేది కొలిస్టిన్ వంటి మందులు. అవి రక్తంలోకి ఎంత ఎక్కించినా వెన్నునీటిలోకి చాలినంత పోవు. సూది ద్వారా నేరుగా మెదడు గదుల్లోకే పంపాల్సి వస్తుంది. మెదడు ఆపరేషన్ తర్వాత వచ్చే అసినెటోబాక్టర్ మెనింజైటిస్‌లోనూ ఇదే గతి. ఇలాంటి కల్చర్ ప్లేటును చేతిలో పట్టుకుని, దానిమీద పెట్టిన అన్ని మందు బిళ్లల చుట్టూ బ్యాక్టీరియా అంచుదాకా పెరిగి ఉండటం చూసి, వార్డుకు ఫోన్ చేసి ఏ మందు పేరూ చెప్పలేకపోవడం మా పనిలో అన్నింటికంటే కష్టమైన ఘడియ.

మూడో ప్రశ్నకు వస్తాను. ఇంట్లో వారికి ముందుజాగ్రత్త మాత్రలు అవసరం లేదు. అవి మెనింగోకాకస్ మెనింజైటిస్ అయితేనే, రోగితో దగ్గరగా మెలిగినవారికి వీలైతే 24 గంటల్లోపు ఇస్తారు. హిబ్ అయితే ఇంట్లో టీకా పూర్తికాని చిన్నపిల్లలు ఉన్నప్పుడు ఇస్తారు. న్యుమోకాకస్‌కు అలా ఇవ్వరు. మీ బంధువు ఎవరో అందరికీ సిప్రోఫ్లాక్సాసిన్ వేయించమన్నారని రాశారు. వేయవద్దు. అవసరం లేని చోట ఇలా మందు పంచితే ఏమవుతుందో చరిత్రలో ఉంది. రెండో ప్రపంచ యుద్ధకాలం నుంచి సైనిక శిబిరాల్లో మెనింజైటిస్ రాకుండా సల్ఫా మాత్రలను మొత్తం దళాలకు పంచేవారు. 1963 నాటికి అమెరికా శిబిరాల్లో సల్ఫాకు లొంగని మెనింగోకాకస్ వ్యాపించి ఆ మందు చేతికి అందకుండా పోయింది. ఆ దెబ్బతోనే వాల్టర్ రీడ్ సైనిక పరిశోధన సంస్థలో మెనింగోకాకస్ టీకా పని ఊపందుకుంది. తర్వాత ఆ స్థానంలోకి వచ్చిన సిప్రోఫ్లాక్సాసిన్ దారి కూడా అటే పోతోంది. 2007, 2008లలో అమెరికాలోని మిన్నెసోటా, నార్త్ డకోటా రాష్ట్రాల్లో దానికి లొంగని మెనింగోకాకస్ దొరికింది. అలాంటి కేసులు ఒక ప్రాంతంలో ఏడాదిలో రెండు లేదా అంతకంటే ఎక్కువ వచ్చి, మొత్తం కేసుల్లో అయిదో వంతుకు చేరితే సిప్రో మానేసి రిఫాంపిసిన్, సెఫ్ట్రియాక్సోన్ లేదా అజిత్రోమైసిన్ వాడాలని 2024లో సీడీసీ సూచించింది.

చదివే మిగతావారికి ఒక మాట. తీవ్రమైన తలనొప్పి, జ్వరం, మెడ బిగుసుకుపోవడం, మగత ఉంటే ఇంట్లో ఉన్న యాంటీబయోటిక్ మాత్ర వేసి రేపు చూద్దామని ఆగకండి. ఆ మాత్ర వెన్నునీటిలోని బ్యాక్టీరియాను చంపేంత చేరదు, కల్చర్‌లో పెరగకుండా చేసేంత మాత్రం చేరుతుంది. జబ్బు ముదురుతుంది, ఏ మందు పనిచేస్తుందో చెప్పే ఆధారం పోతుంది. పీసీఆర్ పరీక్ష చచ్చిన బ్యాక్టీరియా పేరు చెప్పగలదు కానీ పైన చెప్పిన రిపోర్టులో ఉన్న 2, 1 వంటి అంకెలు చెప్పలేదు. ఇంజెక్షన్ మొదలయ్యాక మెనింగోకాకస్ రెండు గంటల్లోనే, న్యుమోకాకస్ నాలుగు గంటల నుంచి వెన్నునీటి కల్చర్‌లో పెరగకుండా పోవచ్చు. అలాగని ఆసుపత్రిలో కల్చర్ కోసం ఇంజెక్షన్ ఆపమని ఎవరూ అడగకూడదు. ప్రాణం ముందు.

ఇక నాన్నగారి కోసం మీరు చేయగలిగినవి. చికిత్స సాధారణంగా 10 నుంచి 14 రోజులు ఉంటుంది. జ్వరం తగ్గగానే ముందే తీసుకెళ్తామని అడగవద్దు. ఈ బ్యాక్టీరియా పుర్రెలో పాత పగులు, చెవిలో చీము, సైనస్ ద్వారా లోపలికి వచ్చిందేమో, స్ప్లీన్ లేకపోవడం వంటి కారణం ఏదైనా ఉందేమో చూశారా అని డాక్టర్‌ను అడగండి. దారి మూయకపోతే మళ్లీ రావచ్చు. కోలుకున్నాక న్యుమోకాకస్ కాంజుగేట్ టీకా వేయించండి, ఒకసారి జబ్బు వచ్చినా మిగతా రకాల నుంచి రక్షణ ఉండదు. ఇంట్లో పిల్లలకూ ఆ టీకా పూర్తయిందో లేదో చూడండి. అమెరికాలో 2000 నుంచి పిల్లలకు ఏడు న్యుమోకాకస్ రకాల నుంచి కాపాడే టీకా వేయడం మొదలుపెట్టాక పెన్సిలిన్‌కు లొంగని న్యుమోకాకస్ జబ్బులు పిల్లల్లోనే కాదు, టీకా వేయించుకోని వృద్ధుల్లోనూ తగ్గాయి. నిరోధకత ఎక్కువగా మోసే రకాలే ఆ టీకాలో ఉన్నాయి, పిల్లల ముక్కుల్లోంచి అవి పోయాయి. తర్వాత టీకాలో లేని 19ఏ రకం ఆ ఖాళీలోకి వచ్చింది, 2010లో వచ్చిన పదమూడు రకాల టీకాలో దాన్నీ చేర్చారు.

ఈ సెన్సిటివిటీ రిపోర్టు ప్రతిని దాచుకోండి, రానున్న నెలల్లో నాన్నగారు ఏ ఇన్‌ఫెక్షన్‌తో ఆసుపత్రికి వెళ్లినా చూపించండి. డిశ్చార్జికి ముందు గానీ, ఆ తర్వాత నాలుగు వారాల్లోపు గానీ వినికిడి పరీక్ష తప్పకుండా చేయించండి. న్యుమోకాకస్ మెనింజైటిస్ లోపలి చెవిని దెబ్బతీయడం తరచుగా జరుగుతుంది. ఆలస్యమైతే ఆ చెవిలో ఎముక పేరుకుపోయి కాక్లియర్ ఇంప్లాంట్ (వినికిడి కోసం లోపలి చెవిలో అమర్చే పరికరం) పెట్టడం కష్టమవుతుంది. వాంకోమైసిన్ స్థాయి, మరోసారి వెన్నునీరు తీస్తే ఆ ఫలితం ఇక్కడ రాస్తే, వాటి అర్థం కూడా వివరిస్తాను.